అడవి స్త్రీలు – కడలి స్త్రీలు

రాయలసీమ మెట్టనేలలకును నల్లమల అడవికిని నడుమ నున్న ఊరు ఆత్మకూరు. 2022 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, పిదప నంద్యాల జిల్లాలో చేరినది. ఇచ్చటి బాలురకు సముద్రమనగా భూగోళ పటములోని నీలిరంగు. అయినను ఈ ప్రాంతమున పారు భవనాశి సంగమేశ్వరము కడ కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవి కడ బంగాళాఖాతము చేరును. నల్లమల వాలుమీది చెట్టు మట్టిని పట్టి యుంచుటలో సముద్రమునకును పాలు కలదు.

ఆ అడవిని బాగుగ నెఱిగినవారు చెంచులు. కృష్ణకు ఆవలనున్న అమ్రాబాదు చెంచులను పరిశీలించి 1943లో గ్రంథము ప్రకటించిన హైమండార్ఫ్ పండితుడు, అడవి గడ్డలు వారికి ముఖ్యాహారమని వ్రాసెను. గడ్డ నేలలో నుండును, తీగ మాత్రమే పైకి కనబడును. వేసవిలో అదియు ఎండిపోవును. చెంచెత ఆ ఎండు తీగను బట్టియే గడ్డ జాడ పోల్చును. ఇనుప మొన గల కోలతో ప్రక్కనుండి మట్టి తీసి, క్రిందనున్న కండ గల భాగమును కోసికొని, తీగ మొదలును మరల మట్టిలో కప్పును. వానలు పడగనే అది చిగుర్చును. ఎంత తీయవలెనో తెలిసినవారు పెక్కండ్రు కలరు; ఎంత విడువవలెనో తెలియుటయే విద్య.

ఇట్టి విద్యయే సముద్రమున నెఱిగినవారు కొరియా దేశపు జెజు ద్వీపమున కలరు. వారిని హెన్యో లందురు. ఆ మాటకు సముద్ర స్త్రీలనియే అర్థము. ప్రాణవాయు యంత్రమేదియు లేక 10 మీటర్ల లోతు వఱకు మునిగి, సుమారు ఒక నిమిషము ఊపిరి బిగపట్టి నత్తలను, సముద్రపు నాచును తెచ్చుదురు. యంత్రమున్నచో మఱింత తేవచ్చును గదా! అందుకే వలదనుకొనిరి. ఏ కాలమున ఏది పట్టరాదో గ్రామ మత్స్యకార సంఘమే నిర్ణయించును. 2016లో యునెస్కో ఈ సంస్కృతిని మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చినది. అయినను నేటి హెన్యోలలో పెక్కండ్రు అఱువది యేండ్లు దాటినవారే.

జెజు స్త్రీలకు తీరముపై గ్రామ హక్కు కలదు. నల్లమలలో కథ వేఱు. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకములో చేరిన అడవి యిది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్న అటవీ ఫలసాయమును సేకరించు హక్కును, అడవిని కాపాడు హక్కును కూడ గిరిజన సమాజమునకు గుర్తించినది. కాగితము మీది మాట అడవిలో చెల్లుబడి యగుట మఱియొక సంగతి.

ఇంతలో బేరము వచ్చినది. రాయలసీమ వేసవిలో మనమందఱము ప్రీతితో త్రాగు నన్నారి షర్బత్తునకు అడవి వేళ్లు కావలెను. మారేడు గడ్డ వేరంతయు పెకలించినచో ఆ తీగ చచ్చును. బేరగాడు తూకమునకు వెల యిచ్చును గాని, నేలలో విడిచిన భాగమునకు ఇయ్యడు.

ఉపాధ్యాయులకు తెలిసిన చిక్కు ఇంకొకటి కలదు. చెంచు పిల్ల ఆశ్రమ పాఠశాలలో చేరును, చేరవలసినదే. తల్లి వెంట అడవికి పోవు దినములు మాత్రము తగ్గును. సెలవులు వేసవిలో వచ్చును. అప్పటికి తీగలన్నియు ఎండి యుండును, గడ్డను పోల్చుట అన్ని కాలములకన్న కష్టము. తల్లికి ఆ పాఠము చెప్పుటకు మిగిలినవి ఆ కొన్ని వారములే.