పాత కారుకు పుట్టుకతో వచ్చిన ఇంజను ఇదేనా?

పాత మోటారు కార్లను ప్రాణప్రదంగా భద్రపరచుకునేవారు అనేక దేశాలలో ఉన్నారు. అట్టి కారును కొనదలచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటి కలదు: కర్మాగారంలో దీనికి అమర్చిన ఇంజను ఇదేనా, లేక తరువాత మార్చినదా? జవాబును బట్టి కారు వెల ఎంతగానో మారుతుంది. అందువలన మోసానికి కూడా అవకాశం ఏర్పడుతున్నది. సత్యాన్ని రాబట్టే విధానాన్ని ఒక ఉదాహరణతో విద్యార్థి మిత్రులకు వివరించదలచాము.

అమెరికాకు చెందిన షెవర్లే సంస్థ 1967 నమూనా కార్వెట్ కార్లను 22,940 తయారుచేసింది. వాటిలో 3,754 కార్లకు మాత్రమే 427 ఘనపు అంగుళాల పరిమాణం, 435 అశ్వశక్తి గల 'ఎల్ 71' ఇంజనును అమర్చారు. సామాన్యమైన ఇంజనుతో వచ్చిన కారులో ఇట్టి ఇంజనును తరువాత బిగించి, అది మొదటి నుండి ఉన్నదేనని అమ్మజూపేవారు లేకపోలేదు.

పరీక్షలో మొదటి మెట్టు సంఖ్యలను పోల్చుట. ఇంజను బ్లాకు ముందుభాగాన, కుడివైపు సిలిండరు హెడ్డుకు ముందు, చదునైన చిన్న తలమొకటి ఉంటుంది. దానిపై రెండు ముద్రలు కనబడతాయి. మొదటిది కారు క్రమసంఖ్యలోని చివరి అంకెలు. ఇవి కారు రేకుపై గల సంఖ్యతో సరిపోవాలి. రెండవది ఇంజను వివరం. ఉదాహరణకు 'టి0210జెఇ' అని ఉన్నచో, 'టి' అనగా న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా కర్మాగారం. 0210 అనగా ఫిబ్రవరి 10. 'జెఇ' అనగా పైన చెప్పిన ఎల్ 71 ఇంజను.

రెండవ మెట్టు తేదీల వరుస. బ్లాకును పోత పోసినప్పుడే ఇనుములో తేదీ ఉబ్బెత్తుగా ఏర్పడుతుంది. 'ఎ' మొదలు 'ఎల్' వరకు గల అక్షరాలు పన్నెండు నెలలకు గుర్తులు. 'ఎ 18 7' అనగా 1967 జనవరి 18. పోత ముందు, ఇంజను కూర్పు తరువాత, సెయింట్ లూయిస్ నగరంలో కారు నిర్మాణం ఆ పిమ్మట జరగాలి. కారు తయారైన తరువాత పోసిన బ్లాకు ఆ కారుకు పుట్టుకతో వచ్చినది కాజాలదు.

మూడవది లోహపు సాక్ష్యం. కర్మాగారపు యంత్రం ఆ తలాన్ని చదును చేసినప్పుడు ముందు నుండి వెనుకకు సన్నని సమాంతర గీతలు మిగులుతాయి. పాత ముద్రను అరగదీసి కొత్తది కొట్టినచో ఈ గీతలు చెరిగిపోతాయి. అయితే ఇంజనును బాగుచేసేటప్పుడు కూడా ఆ తలాన్ని అరగదీయుట కలదు. కనుక గీతలు లేనంత మాత్రాన మోసమని తీర్మానించరాదు; అనుమానించి, ఇతర ఆధారాలను వెతకాలి.

నాల్గవది కాగితపు సాక్ష్యం. కర్మాగారంలో పెట్రోలు ట్యాంకుపై అంటించిన ఉత్తర్వు పత్రం కొన్ని కార్వెట్ కార్లలో నేటికీ దొరుకుతుంది. కారుకు ఏ ఇంజను కోరారో అందులో ఉంటుంది. ఇంగ్లండులో తయారైన పాత జాగ్వార్ కార్ల విషయంలో ఈ పని మరింత సులభం. కర్మాగారపు రికార్డులను బట్టి, మొదట అమర్చిన ఇంజను సంఖ్యతో ధ్రువపత్రం పొందవచ్చును. మన దేశంలోని రిజిస్ట్రేషన్ పత్రంలోనూ ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ ఉంటాయి. కాని ఇంజను మారినప్పుడు కొత్త నంబరు నమోదవుతుంది గనుక, దొరికినంతలో మొట్టమొదటి పత్రాన్నే చూడాలి.

ఇందు గ్రహించవలసినది ఒకటి. సంఖ్యను ఎవరైనా సుత్తితో కొట్టగలరు. సంఖ్య, తేదీ, లోహం, కాగితం అనే నలుగురు సాక్షులను ఒకే మాట చెప్పించుట కష్టం. ఇంజనును మార్చుట నేరం కాదు. మార్చిన సంగతి దాచి అధిక వెల పుచ్చుకొనుటయే నేరం. అందుచేత, సంఖ్యలు సరిపోయినవని అమ్మకందారు చెప్పినప్పుడు పరీక్ష ముగిసినదని కాక, ఆరంభమైనదని కొనుగోలుదారు భావించాలి.