అధ్యక్షుడు వద్దంటే నిధులు రద్దయినట్టేనా?

అమెరికా అధ్యక్షుడు ఫలానా పథకానికి డబ్బు ఆపేశారన్న వార్త వచ్చినప్పుడల్లా, అక్కడ ఆయన మాటే చట్టమన్నట్టు మాట్లాడుకుంటాం. కానీ అమెరికా రాజ్యాంగం ఖజానా తాళం అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ చేతికిచ్చింది. చట్టం చేయకుండా పైసా బయటికి రాదు.

అపోహ: బడ్జెట్‌లో నచ్చని పద్దులను అధ్యక్షుడు కొట్టేయవచ్చు.

వాస్తవం: బిల్లు మొత్తం ఒప్పుకోవాలి, లేదా మొత్తం తిప్పిపంపాలి. 1996లో కాంగ్రెసే 'లైన్ ఐటమ్ వీటో' చట్టం చేసి అధ్యక్షుడికి ఆ వెసులుబాటు ఇచ్చింది. క్లింటన్ దానితో 82 పద్దులు కొట్టేశారు. 1998లో సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ చట్టాన్నే కొట్టేసింది. అక్కడ 40కి పైగా రాష్ట్రాల గవర్నర్లకు ఈ అధికారం ఉంది; అధ్యక్షుడికీ ఉంటుందనుకోవడానికి బహుశా అదే కారణం. (మన రాష్ట్రపతి ద్రవ్య బిల్లును పునఃపరిశీలనకు తిప్పిపంపడానికి కూడా వీల్లేదు.)

అపోహ: పద్దు కొట్టేయలేకపోతేనేం, ఖర్చు పెట్టకుండా ఊరుకుంటే సరి.

వాస్తవం: నిక్సన్ సరిగ్గా ఇదే చేశారు. 1972 స్వచ్ఛజల చట్టాన్ని ఆయన వీటో చేస్తే కాంగ్రెస్ దాన్ని తోసిరాజని నెగ్గించుకుంది. అయినా మురుగునీటి శుద్ధికి రెండేళ్లలో ఇవ్వాల్సిన 1,100 కోట్ల డాలర్లలో 500 కోట్లకు మించి ఇవ్వొద్దని ఆయన ఆదేశించారు. న్యూయార్క్ నగరం కోర్టుకెక్కి, 1975లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఈలోగా 1974లో కాంగ్రెస్ చట్టమే చేసింది: అధ్యక్షుడు నిధుల రద్దును ప్రతిపాదించవచ్చు, ఉభయ సభలు ఒప్పుకోకపోతే, సమావేశాల లెక్కన 45 రోజుల తర్వాత ఆ డబ్బు విడుదల చేసి తీరాలి.

అపోహ: 2025 జులైలో ట్రంప్ 900 కోట్ల డాలర్లు ఒంటిచేత్తో రద్దు చేశారు.

వాస్తవం: ప్రతిపాదన ఆయనది, రద్దు చేసింది కాంగ్రెస్. 2018లో ఇలాంటి ప్రతిపాదనే సెనేట్‌లో వీగిపోయింది.

అపోహ: చట్టం ఇంత స్పష్టంగా ఉంది కాబట్టి తప్పించుకునే దారి లేదు.

వాస్తవం: ఉంది, అదే అసలు ప్రమాదం. ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. ఆగస్టు చివర్లో ప్రతిపాదన పంపితే 45 రోజులు నిండకముందే నిధులు మురిగిపోతాయి. 2025 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం 490 కోట్ల డాలర్ల విదేశీ సాయం విషయంలో ఈ ఎత్తే వేసింది. ఇది చట్టవిరుద్ధమని కాంగ్రెస్ ఆడిట్ సంస్థ తేల్చిచెప్పింది. సుప్రీంకోర్టు మాత్రం సెప్టెంబర్ 26న, సుమారు 400 కోట్ల డాలర్లను అట్టే ఆపి ఉంచడానికి మధ్యంతరంగా అనుమతించింది. అధ్యక్షుడికి ఈ అధికారం ఉందని ఆ ఉత్తర్వు తేల్చలేదు. కానీ గడువుకు అప్పటికి మిగిలింది నాలుగు రోజులే.