పొడవైన చేయి: జాతీయాన్ని గుర్తించడం

తమ భార్యలలో తమను ముందుగా చేరుకునేది ఎవరన్న ప్రశ్నకు దైవప్రవక్త (స), చేయి పొడవుగా ఉన్నవారని భావం వచ్చేటట్లు బదులిచ్చారు. విశ్వాసుల మాతృమూర్తులు ఒక పుల్ల తీసుకొని చేతులు కొలుచుకున్నారు. హజ్రత్ సౌదా (రజి) చేయి అందరికన్నా పొడవని తేలింది. కాని హిజ్రీ 20లో ముందుగా పరమపదించినవారు హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి). ఆమె స్వహస్తాలతో పనిచేసి, వచ్చినదాన్ని దానం చేసేవారు. పొడవైన చేయి అంటే దానశీలమని అప్పుడు బోధపడింది.

అరబ్బీ మాతృభాషగా గలవారే అక్షరార్థం తీసుకున్నారంటే ఇక అనువాదకుని సంగతి చెప్పనక్కరలేదు. పొరపాటున 'చేతివాటం' అని రాశాడా, దాత కాస్తా దొంగ అవుతాడు! 'చేతికి ఎముక లేదు' అన్నది చక్కని తెలుగు జాతీయమే. అయితే ఈ ఉదంతంలో అదీ కుదరదు. ఎముక లేని చేతిని ఎవరూ కొలవరు కదా. ఇక్కడ మాటను ఉన్నదున్నట్లు ఉంచి, పక్కన వివరణ ఇవ్వడమే మార్గం.

జాతీయాన్ని గుర్తించేదెట్లా? దానిలోని పదాల అర్థాలను విడివిడిగా కూడితే అసలు భావం రాదు. పదం మార్చితే నిలవదు. నమాజు తర్వాత ఒకరు దుఆ కోసం చేతులెత్తారు. ఇది ఉన్న మాటే. అప్పు తీర్చమంటే మరొకరు చేతులెత్తేశారు. ఇది జాతీయం, ఆయన చేతులు జేబులోనే ఉండవచ్చు. 'హస్తములు పైకి లేపివేశారు' అంటే ఆ భావం ఎగిరిపోతుంది.

ఉపమానంలో పోలిక పైకే కనిపిస్తుంది. తెలుగులో 'వలె', 'లాగా', అరబ్బీలో 'కాఫ్' దాని గుర్తులు. 'సింహంలా పోరాడాడు' అన్నప్పుడు సింహం సింహమే. కాని గుర్తును మాత్రమే నమ్ముకోరాదు. 'కుక్కిన పేనులా' అన్నదానిలో 'లా' ఉన్నా, అనేవారికి పేను గుర్తుకే రాదు, అది జాతీయమైపోయింది.

వాడుకలోని చవకబారు మాటల సంగతి వేరు. 'డబ్బా కొట్టుకోవడం' స్నేహితుల మధ్య చెల్లుతుంది, ఖుత్బాలో చెల్లదు. దక్కనీలోని 'నక్కో'ను కూడా కొందరు ఈ కోవలో వేస్తారు. అది సరికాదు. అది ఒక ప్రాంతపు పలుకుబడి, మరాఠీ నుంచి వచ్చిన మాట.

హిజ్రీ 538 (క్రీ.శ. 1144)లో మరణించిన జమఖ్షరీ తన నిఘంటువు 'అసాసుల్ బలాగా'లో పదానికి ముందు అసలు అర్థాన్నీ, తర్వాత అలంకారిక ప్రయోగాలనూ వేరుచేసి చూపాడు. అనువాదకునికి ఆ విభజన ఎంతో అవసరం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో 'ఇబ్నుస్సబీల్' ఒకటి. అక్షరాలా చూస్తే 'దారి కొడుకు'. దాన్ని 'దిక్కులేని బిడ్డ' అనుకుంటే సొమ్ము వేరొకరికి పోతుంది. దాని అర్థం బాటసారి. స్వగ్రామంలో ఆస్తి ఉన్నా, ప్రయాణంలో చేతిలో పైకం లేక చిక్కుకున్న మనిషికి ఆ ఒక్క మాట వల్లనే జకాత్‌లో హక్కు ఏర్పడింది.