‘ఖనిజ మాలిన్యం’ – ఒక పారిభాషిక పదం, గరివిడి మాంగనీసు

లోహాన్ని లాభసాటిగా ఇచ్చే ఖనిజాన్ని ధాతువు అనీ, దానితో కలిసి ఉండే అనవసర పదార్థాన్ని ఖనిజ మాలిన్యం అనీ తెలుగు పాఠ్యపుస్తకాలు వ్యవహరిస్తున్నాయి. ఈ రెండవ పదం పరిధిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎలమంచిలి ప్రాంతపు కొండలు తూర్పు కనుమలకు చెందినవి. అదే శిలామేఖలలో, ఉత్తరాన విజయనగరం జిల్లాలో గరివిడి, కోడూరు మాంగనీసు గనులున్నాయి. అక్కడి ఒక శిలకు భూవిజ్ఞాని ఎల్. ఎల్. ఫెర్మర్ ఊరి పేరుమీదుగా ‘కోడూరైట్’ అని నామకరణం చేశాడు. పొటాష్ ఫెల్డ్‌స్పార్, గార్నెట్, అపటైట్ దాని ప్రధాన ఖనిజాలు.

మాంగనీసు ధాతువైన పైరోలుసైట్ మెత్తనిది. వేళ్ళకు నల్లగా అంటుతుంది. సైలోమిలేన్ గట్టిది, అంటదు. క్వార్ట్జ్ గాజును గీస్తుంది. ఫెల్డ్‌స్పార్ చదునైన తలాల వెంట పగులుతుంది. అపటైట్‌పై ఉక్కు కత్తితో గీత పడుతుంది. అపటైట్‌లోని భాస్వరం ఉక్కును పెళుసుబరుస్తుంది కనుక ఇక్కడ అది మాలిన్యమే.

అయితే విశాఖ మన్యంలోని కాశీపట్నం వద్ద అదే అపటైట్‌ను ఫాస్ఫేట్ కోసం తవ్వారు. సీసపు ధాతువు వెంట మాలిన్యంగా కనిపించే బెరైటీస్ మంగంపేటలో ప్రధాన సంపద.

కనుక మాలిన్యం ఖనిజ స్వభావం కాదు, సందర్భం. పదాన్ని మార్చనక్కరలేదు, ‘ఆ గనిలో, ఆ ధాతువు దృష్ట్యా’ అన్న పరిమితిని నిర్వచనంలో చేర్చడం అవసరం.