ఉపకార వేతనం నిలవాలంటే

ఉపకార వేతనం మంజూరు కావడం ఒక ఎత్తు, చదువు ముగిసేదాకా దాన్ని నిలుపుకోవడం మరొక ఎత్తు. మొదటిదాని గురించి చెప్పేవారు చాలామందే ఉంటారు. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఏ కాగితాలు జతచేయాలి, ఎవరి సంతకం కావాలి అన్నది బంధువులు చెబుతారు, పై తరగతి పిల్లలు చెబుతారు. రెండోదాని గురించి చెప్పేవారు తక్కువ. రెండో సంవత్సరం డబ్బు పడకపోయాక గాని "మార్కులు చాలలేదట", "హాజరు తగ్గిందట" అన్న మాట చెవిన పడదు. అప్పటికి పరీక్షలూ అయిపోయి ఉంటాయి, హాజరు పట్టీ కూడా మూసేసి ఉంటారు.

ఈ సంచిక చదివే విద్యార్థులు హోసూరు, బళ్ళారి, కోలారు బంగారు గనులు, షోలాపూరు, బరంపురం, యానాం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడ్డ కుటుంబాలవారు. వీరిలో చాలామంది తమ ఇంట కళాశాల గడప తొక్కిన మొదటివారు. వీరికి ఇంకొక చిక్కు కూడా ఉంది. సరిహద్దుకు అవతల మేనమామగారి పిల్లలకు తెలిసిన నిబంధనలు వీరికి వర్తించవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ రాష్ట్రాల స్థానికులకు ఏర్పాటైనది. "వాళ్ళ అబ్బాయికి రెండు సబ్జెక్టులు పోయినా వచ్చింది, మనకెందుకు రాదు" అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు ఆ అబ్బాయి పథకంలో దొరకదు, మీ పథకంలోనే దొరుకుతుంది.

"చదువులో ప్రగతి" అనే మాట ప్రతి పథకంలోనూ ఉంటుంది. అయితే ఒక్కొక్క పథకం దాన్ని ఒక్కొక్క కొలతతో కొలుస్తుంది. ఒకటి పై తరగతికి వెళ్ళారా అని చూస్తుంది. ఇంకొకటి ఎంత శాతం వచ్చిందో చూస్తుంది. హాజరు మాత్రం దాదాపు అన్నిటికీ కావాలి.

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం 1944లో మొదలైంది. మన పాఠకులలో ఎక్కువమంది ఎరిగినది ఇదే. దీని కొలత పై తరగతికి ప్రమోట్ కావడం. కోర్సు పూర్తయ్యేదాకా ఏటేటా కొనసాగుతుంది. మంచి నడవడి ఉండాలి, తరగతులకు క్రమంగా హాజరు కావాలి, ప్రతి ఏడూ పై తరగతికి వెళ్ళాలి. మార్కులు ఇంత శాతం రావాలన్న నియమం కొనసాగింపుకు లేదు. ఒక పత్రం తప్పినా, విశ్వవిద్యాలయం తన నిబంధనల ప్రకారం పై తరగతిలో కూర్చోనిస్తే ఆ పై తరగతికి వేతనం అందుతుంది.

తప్పిన పత్రాన్ని తమిళనాడులో అరియర్ అంటారు, మహారాష్ట్రలో ఏటీకేటీ అంటారు, ఒడిశాలో బ్యాక్ పేపర్ అంటారు, ఆంధ్ర, తెలంగాణలలో బ్యాక్‌లాగ్ అంటారు. ఇంట్లో అమ్మానాన్నలకు మాత్రం అన్నీ ఒకటే: సబ్జెక్టు పోయింది. పేరు ఏదైనా, ఎన్ని పత్రాలు మిగిలినా పైకి పంపుతారు అన్నది ప్రతి విశ్వవిద్యాలయంలో వేరు. ఆ సంఖ్య దాటితే అదే తరగతిలో ఆగిపోవాలి. దాన్నే కర్ణాటకలో ఇయర్ బ్యాక్ అని, మహారాష్ట్రలో ఇయర్ డౌన్ అని అంటుంటారు. వేతనం ఆగేది అక్కడ. అందుచేత పోస్ట్ మెట్రిక్ విద్యార్థి సంవత్సరం మొదట్లోనే తన విశ్వవిద్యాలయంలో ఆ సంఖ్య ఎంతో తెలుసుకోవాలి. దాన్ని వేతనం ఇచ్చే శాఖ నిర్ణయించదు, విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది. కాబట్టి జిల్లా కార్యాలయంలో అడిగితే తెలియదు, పరీక్షల విభాగంలో అడగాలి.

షోలాపూరు వంటి చోట్ల బీడీలు చుట్టే తల్లుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఆర్థిక సహాయం ఉంది. దీనికి గత పరీక్ష మొదటి ప్రయత్నంలోనే ప్యాసై ఉండాలన్నది మూల నిబంధన. తల్లి కార్మిక గుర్తింపు కార్డు సంగతి అందరికీ గుర్తుంటుంది, ఈ మొదటి ప్రయత్నం సంగతి గుర్తుండదు.

రెండో కొలత శాతం. పన్నెండో తరగతిలో తమ బోర్డులో 80వ పర్సెంటైల్ దాటిన విద్యార్థులకు కేంద్ర విద్యా శాఖ ఇచ్చే ఉపకార వేతనం దీనికి మంచి ఉదాహరణ. ఏడాదికి 82,000 మందికి కొత్తగా ఇవ్వడం లక్ష్యం, అందులో సగం అమ్మాయిలకు. డిగ్రీలో మొదటి మూడేళ్ళు ఏడాదికి రూ. 10,000గా ఉన్నది తరువాత రూ. 12,000 అయింది. అంటే నెలకు వెయ్యి. పెద్ద మొత్తం కాదు. కాని బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజు ఇంటివారిని అడగకుండా గడిచిపోతాయి. "ఇంకా ఎంత ఖర్చు, పెళ్ళి చేసేద్దాం" అనే మాట ఇంట్లో లేవకుండా ఆ వెయ్యి కొందరు అమ్మాయిలకు అడ్డుగోడగా నిలవడం మేము చూస్తూనే ఉన్నాము. ఈ వేతనం కొనసాగాలంటే వార్షిక పరీక్షలో కనీసం 50 శాతం మార్కులు, కనీసం 75 శాతం హాజరు ఉండాలి. ర్యాగింగు వంటి క్రమశిక్షణ ఫిర్యాదులు ఉండరాదు. పైకి ప్రమోట్ అయితే చాలదు. 48 శాతంతో అన్ని పత్రాలూ ప్యాసైనవారు పోస్ట్ మెట్రిక్ లెక్కలో నిలుస్తారు, ఇక్కడ నిలవరు.

శాతం అన్నది తేలికగా తెలిసే సంగతి అనుకుంటారు గాని, గ్రేడు పద్ధతి వచ్చాక అది అంత తేలిక కాదు. మార్కుల పట్టికలో 5.4 సీజీపీఏ అని ఉంటుంది. దాన్ని శాతంగా మార్చే సూత్రం అన్ని విశ్వవిద్యాలయాలకూ ఒకటి కాదు. పదితో హెచ్చవేసే చోట 54 శాతం అవుతుంది. బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం తన కొన్ని పాత స్కీములకు ముందు 0.75 తీసివేసి తరువాత పదితో హెచ్చవేయమంది. ఆ లెక్కన అదే 5.4 అంటే 46.5 శాతం. అక్కడ 50 శాతం చేరాలంటే 5.75 రావాలి. ఒకే అంకె ఒక రాష్ట్రంలో నిలబెడుతుంది, ఇంకొక రాష్ట్రంలో పడగొడుతుంది. అందుచేత దరఖాస్తులో శాతం రాసే ముందు మీ విశ్వవిద్యాలయం, మీరు చేరిన సంవత్సరపు స్కీము ఏ సూత్రం చెప్పిందో చూసి, దాని నకలు దగ్గర ఉంచుకోండి. పక్క కళాశాల స్నేహితుని సూత్రంతో శాతం రాస్తే, పరిశీలనలో అంకెలు కలవక దరఖాస్తు వెనక్కి వస్తుంది.

బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదివేవారికి 2008లో మొదలైన ఇన్‌స్పైర్ ఉపకార వేతనం ఏడాదికి రూ. 80,000. బోర్డు పరీక్షలో మొదటి ఒక్క శాతంలో ఉన్నవారికి ఇచ్చేది కనుక దాని కొలత కూడా ఎక్కువ. ఏటా 60 శాతం, లేదా 6.0 సీజీపీఏ తగ్గరాదు. ఇందులో రూ. 20,000 వేసవి పరిశోధనకు కేటాయించినది. పాఠశాలలో ఎప్పుడూ తొంభై తగ్గనివారికి అరవై ఒక లెక్కా అనిపిస్తుంది. అయితే తెలుగులోనో కన్నడంలోనో పన్నెండేళ్ళు చదివి మొదటిసారి ఇంగ్లీషులో భౌతికశాస్త్రం వినేవారికి మొదటి సెమిస్టరు గండమే. అప్పుడు తగ్గిన మార్కులను రెండో సెమిస్టరులో పూడ్చుకోవచ్చు. ఏడాది చివర చూద్దాంలే అనుకుంటే పూడ్చే సమయం ఉండదు.

ఇక హాజరు. సెమిస్టరులో 90 పనిదినాలు జరిగాయనుకుందాం. 75 శాతం అంటే 67.5, కాబట్టి 68 రోజులు రావాలి. మానుకోదగినవి 22. వినడానికి చాలా ఉన్నట్టే ఉంటాయి. సంక్రాంతికి తాతగారి ఊరు వెళ్తే పండుగ మూడు రోజులు, రానూపోనూ రెండు రోజులు. ఒడిశా కళాశాలలో దానికి మూడు రోజుల సెలవు ఇవ్వరు, ఉగాదికీ అంతే. మాఘమాసంలో రెండు పెళ్ళిళ్ళు, ఒక జాతర, ఒక జ్వరం - ఇరవై దాటడానికి ఎంతో సేపు పట్టదు. బంధుత్వాలు సరిహద్దుకు అవతల ఉన్న మనవంటి కుటుంబాలకు ఇది ఇతరులకన్నా ఎక్కువగా తగిలే దెబ్బ. పెళ్ళికి వెళ్ళవద్దని మేము చెప్పము. ఎన్ని రోజులు మిగిలాయో లెక్క చూసుకుని వెళ్ళమంటాము.

హాజరులో ఇంకో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, వేతనానికి 75 చాలు కదా అని ఆ అంకెనే పట్టుకోరాదు. పైన చెప్పిన విశ్వేశ్వరయ్య విశ్వవిద్యాలయంలో పరీక్ష రాయడానికే 85 శాతం కావాలి, అదీ పత్రం పత్రానికీ విడిగా. రెండోది, జబ్బు కారణంగా హాజరు తగ్గితే రుసుము కట్టించుకుని పరీక్షకు అనుమతించే పద్ధతి చాలా చోట్ల ఉంది. పరీక్షకు దొరికిన ఆ మన్నింపు, వేతనపు కాగితం మీద 75 శాతం ఉన్నట్టు సంతకం అయిపోదు. అవి రెండు వేర్వేరు నిర్ణయాలు. జబ్బు చేసినప్పుడు వైద్యుని ధ్రువపత్రం ఆ రోజుల్లోనే తీసుకుని, కళాశాల ప్రధానాచార్యులకు ఇచ్చి, అందినట్టు నకలుపై సంతకం చేయించుకోవాలి. తీవ్రమైన జబ్బుతో పరీక్షే రాయలేకపోయినవారిని పరిశీలించే వీలు పై పథకాలలో ఉంది, కాని ఆరు నెలల తరువాత తెచ్చిన కాగితానికి విలువ ఉండదు.

తెలుగు పత్రం సంగతి మేము చెప్పకపోతే ఎవరూ చెప్పరు. తమిళనాడు డిగ్రీలలో మొదటి భాగం భాష, రెండో భాగం ఇంగ్లీషు, మూడో భాగం ప్రధాన విషయాలు. క్లాసు చెప్పుకునేటప్పుడు అందరూ మూడో భాగమే చూస్తారు గనుక మొదటి భాగాన్ని "ఇంటి భాషే కదా" అని వదిలేస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో కన్నడమో చదివిన పిల్లలు తెలుగు రెండో భాషగా తీసుకుని, ఒత్తులు, గుణింతాలు తడబడి, పద్యభాగం అసలు ముట్టకుండా వచ్చిన సందర్భాలు తక్కువ కాదు. భాషా పత్రం పోయినా అది అరియరే. వార్షిక మొత్తంలో దాని మార్కులూ కలుస్తాయి. మరో విధంగా చూస్తే, వారానికి రెండు గంటలు కేటాయిస్తే తెలుగులో అరవై, డెబ్బై తెచ్చుకోవచ్చు. గణితంలో తగ్గిన పది మార్కులను మొత్తంలో పూడ్చేది ఇదే. తెలుగు మీద ప్రేమతో చదవండి అని మేము మిగతా సంచికలలో చెబుతాము. ఈ వ్యాసం వరకు శాతం కోసం చదివినా చాలు.

రాష్ట్రం దాటి చదివేవారు ఒక తేడా గమనించాలి. పోస్ట్ మెట్రిక్ వేతనం విద్యార్థి స్థిరనివాసం ఉన్న రాష్ట్రం ఇస్తుంది, కళాశాల ఉన్న రాష్ట్రం కాదు. బరంపురం అమ్మాయి విశాఖపట్నంలో చదివినా ఒడిశాకే దరఖాస్తు పెట్టాలి. యానాం అబ్బాయి కాకినాడలో చేరితే పుదుచ్చేరికే. డబ్బు ఇచ్చేది ఒకరు, ప్రగతి ధ్రువీకరించేది ఇంకొకరు. కాబట్టి మార్కుల పట్టిక, ప్రమోషన్ సంగతి అవతలి కార్యాలయానికి అర్థమయ్యేలా కళాశాల నుండి ఒక ధ్రువపత్రం తీసుకుని ఉంచుకోవడం మంచిది. మధ్యలో కోర్సు గాని కళాశాల గాని మారదలచినవారు ముందుగా మంజూరు చేసిన శాఖ అనుమతి తీసుకోవాలి. మారిన తరువాత చెబితే వేతనం రద్దు కావచ్చు.

మార్కులు, హాజరు అన్నీ సరిపోయినా రెన్యూవల్ దరఖాస్తు పెట్టకపోతే వేతనం రాదు. మొదటి ఏడు మంజూరైంది కదా, తనంతట అదే వస్తుందని అనుకునేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మీరు దరఖాస్తు పంపాక కళాశాల దాన్ని ఆమోదించాలి, ఆపైన మరొక స్థాయిలో పరిశీలన జరగాలి. కళాశాల దగ్గర ఆగిపోయిన దరఖాస్తు మీకు పంపినట్టే కనిపిస్తుంది. పంపిన వారం తరువాత ఒకసారి, గడువుకు వారం ముందు ఒకసారి ఆ పని చూసే గుమాస్తాగారిని అడగండి. ఫలితాలు ఆలస్యమైనా, రీవాల్యుయేషన్ తేలకపోయినా గడువు మీ కోసం ఆగదు. అప్పటికి చేతిలో ఉన్న మార్కుల పట్టికతో ఏం చేయాలో కళాశాలలోని నోడల్ అధికారిని గడువులోపలే రాతపూర్వకంగా అడగాలి. మార్కులు పెరిగి కొత్త పట్టిక వస్తే, దాన్ని వచ్చిన రోజే అందజేయాలి.