కథలో ఆనవాళ్లు - పాత్రలలో ఆంతర్యం

అనంతపురం మెట్టపొలాలలో వేరుశనగ పైరును గమనించిన వారికి ఒక విశేషం తెలిసే ఉంటుంది. ఆ పైరు నేలపైన పూస్తుంది, నేలలోపల కాస్తుంది. పూత అడుగు నుంచి సన్నని ఊడ దిగి, మట్టిలోకి చొచ్చుకొనిపోయి, కంటికి కనపడకుండా కాయగా మారుతుంది. చెట్టు పెరికిన నాడు గాని ఫలితం బయటపడదు. నేలలో పదును లేకపోతే ఊడ దిగనే దిగదు. చక్కని కథలో ఆనవాలు కూడా ఇటువంటిదే. మొదట అల్పంగా కనిపించిన ఒక మాటో, వస్తువో లోలోపల పెరిగి, చివరకు కథకంతటికీ ఆధారమవుతుంది. అట్లు పెరగడానికి కావలసిన పదును పాత్రల ఆంతర్యం.

రాబోయే సంఘటనను ముందుగానే మరుగుపరచి సూచించేది ఆనవాలు. పాత్రను ఒక పనికి పురికొల్పే కోరిక, అసూయ, భయం వంటి లోపలి కారణం ఆంతర్యం. వరాలు, శాపాలు, రూపపరివర్తనలు నిండిన అద్భుత కథలకు ఈ రెండూ మరింత అవసరం. ఏదైనా జరగగల లోకంలో 'ఇది ఎందుకు జరిగింది?' అన్న ప్రశ్నకు 'మహిమ వల్ల' అన్న ఒక్క సమాధానమే ఉంటే పాఠకునికి కథపై ఆసక్తి నిలువదు.

ఈ రహస్యాన్ని పదహారవ శతాబ్దిలోనే గ్రహించిన తెలుగు కవి పింగళి సూరన. అనంతపురానికి ఈశాన్యంగా ఉన్న నంద్యాలను ఏలిన కృష్ణరాజుకు ఆయన అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం' ఎనిమిది ఆశ్వాసాల కావ్యం. పురాణాలలోని కథను తీసుకోక, సూరన ఈ కథను స్వయంగా కల్పించాడు. కావ్యనామంలోనే ఉన్న కళాపూర్ణుడు చాలా దూరం వరకు రంగం మీదికి రాడు. అతడెవరన్న ప్రశ్న పాఠకుని వెంట నడుస్తూనే ఉంటుంది.

ద్వారకలో కలభాషిణి అనే గణికాకన్య ఉద్యానవనంలో ఊయల ఊగుతుంటుంది. అదే సమయంలో రంభా నలకూబరులు విమానంలో ఆకాశమార్గాన పోతుంటారు. నారదుడూ, ఆయన శిష్యుడైన మణికంధరుడనే గంధర్వుడూ ఆ దారినే వస్తారు. తనకు సాటి లేదన్న రంభ గర్వాన్ని గమనించి, ఆమెకూ ఒక పోటీ ఎదురుకావచ్చునన్నట్లు నారదుడు పలుకుతాడు. పాఠకునికి ఇది కలహభోజనుని సహజమైన చమత్కారంగా తోస్తుంది. కాని ఆ మాటే ఆనవాలు. నలకూబరుని చూచిన కలభాషిణి మనసు అతనిపైనే నిలుస్తుంది. తరువాత నారదుని అనుగ్రహంతో ఆమెకు కోరిన రూపం ధరించే శక్తి లభిస్తుంది. కోరిక ముందు పుట్టింది. శక్తి వెనుక వచ్చింది. ఈ వరుస గమనింపదగినది.

కొంతకాలానికి మణికంధరుడు తపస్సుకు పూనుకొంటాడు. దానిని భంగపరచడానికి ఇంద్రుడు రంభను పంపుతాడు. ఇంతవరకు ఇది పురాణాలలో తరచుగా కనిపించే ఘట్టమే. సూరన ప్రతిభ ఆపైన తెలుస్తుంది. రంభ మణికంధరుని చెంత ఉండి కూడా నలకూబరునే తలచుకొంటుంది. అది గ్రహించిన మణికంధరుడు ఆమె ప్రేమను సంపూర్ణంగా పొందగోరి నలకూబరుని రూపం ధరిస్తాడు. మరొకవైపు నలకూబరుని వెదకుచు వచ్చిన కలభాషిణి రంభ రూపంతో అతనిని చేరుతుంది. ఆమె నలకూబరుడనుకొన్నది మణికంధరుని. అతడు రంభ అనుకొన్నది కలభాషిణిని. అసలు రంభ తిరిగిరాగానే ఇద్దరు రంభలు ఎదురుపడి కలహించుకొంటారు. నారదుని మాట అక్షరాలా ఫలిస్తుంది.

ఇటువంటిదే మరొక ఆనవాలు రత్నహారం. మణికంధరునికి శ్రీకృష్ణుడు దానిని బహూకరిస్తాడు. మణిని కంఠాన గలవాడన్న అర్థం అతని పేరులోనే ఉన్నది. చేతులు మారిన ఆ హారం మరుసటి తరంలో మధురలాలస అనే పసిబిడ్డను చేరగా, ఆ శిశువు పెదవి విప్పి పూర్వజన్మ వృత్తాంతమంతా చెబుతుంది. కలభాషిణే మధురలాలస, మణికంధరుడే కళాపూర్ణుడు. ఆధునిక అద్భుత నవలలలోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. జె.కె. రౌలింగ్ హారీ పాటర్ నవలలలో, 2003లో వెలువడిన అయిదవ భాగంలో, పాత ఇంటిని శుభ్రపరచేవేళ ఎవరికీ తెరవ వశంకాని ఒక లాకెట్ దొరుకుతుంది. దాని ప్రాముఖ్యం 2007లో వచ్చిన ఏడవ భాగంలో గాని పూర్తిగా తెలియదు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఈ కథ అంతా బ్రహ్మ సరస్వతికి ముందే చెప్పినదని కావ్యంలో తెలుస్తుంది. బ్రహ్మవాక్కు తప్పదు గదా! అట్లయితే పాత్రల బాధ్యత ఏమున్నది? వారు కేవలం కీలుబొమ్మలేనా? మణికంధరుని రూపం మార్చుకొమ్మని ఎవ్వరూ నిర్బంధించలేదు. కలభాషిణిని రంభగా మారుమని ఎవ్వరూ ఆజ్ఞాపించలేదు. మాయ రూపాన్ని మార్చగలిగింది గాని కోరికను పుట్టించలేదు. అందుచేతనే వీరిద్దరినీ మోసగాండ్రని తేలికగా నిందించలేము. విధివంచితులని పూర్తిగా జాలిపడనూ లేము. ప్రేమింపబడాలన్న ఆరాటంతో తమ రూపాన్నే వదులుకొన్నవారు వారు. మరుజన్మలో కళాపూర్ణునికి మధురలాలసతో వివాహం జరగడంతో, మారురూపాల చాటున పొందిన అనురాగం స్వస్వరూపాలతో సఫలమవుతుంది.

కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని విపులంగా విమర్శించాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దీని ఆంగ్లానువాదాన్ని ప్రకటించారు. నేటికీ విమర్శకులను ఈ కావ్యం ఆకర్షించడానికి దాని కథాసంవిధానమే ముఖ్యకారణం.

ఇటువంటి కథను ఒకమారు చదివితే 'ఏమి జరిగింది' అన్నది తెలుస్తుంది. చివరి పుట నుంచి మొదటి పుటకు తిరిగివచ్చి మరల చదివితే 'ఎందుకు జరిగింది' అన్నది తెలుస్తుంది. విద్యార్థులు ప్రతి ఆశ్వాసం ముగియగానే రెండు ప్రశ్నలు వేసుకోవాలి: సమాధానం లభించని మాట లేదా వస్తువు ఏది? ఈ పాత్ర తనకు తానైనా చెప్పుకోని కోరిక ఏది? ఈ ప్రశ్నలకు జవాబు వెదకిన పాఠకుడు పాత్రపై తీర్పు చెప్పడానికి తొందరపడడు. ఆ ఓర్పు అలవడితే తోటి మనుషులను అర్థం చేసుకోవడంలోనూ అక్కరకు వస్తుంది.