స్టార్ ట్రెక్ మూడో సీజన్: ముప్పై అయిదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే

నేను అమెరికా వచ్చింది 1989 ఆగస్టులో, కాన్సాస్‌లో మాస్టర్స్ చదవడానికి. నలుగురు తెలుగు కుర్రాళ్లం రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన పాత టీవీ మాకు దొరికింది. దాంట్లో శనివారం సాయంత్రం ఒక లోకల్ ఛానెల్లో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' వచ్చేది. సరిగ్గా ఆ సెప్టెంబర్లోనే మూడో సీజన్ మొదలైంది. కుక్కర్లో పప్పు, టీవీలో అంతరిక్ష నౌక. ఆ ఏడాది మా శనివారాలన్నీ అలాగే గడిచాయి.

మొన్న డిసెంబర్ సెలవుల్లో పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి ఆ సీజన్ 26 ఎపిసోడ్లూ మళ్లీ చూశాను. చూడటం అయ్యాక మా అన్నయ్యకు ఫోన్ చేసి, చాలా ఏళ్లుగా చెప్పాల్సిన మాట ఒకటి చెప్పాను. ఒక సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కీ, తెనాలిలో ఉండే మా అన్నయ్యకీ ఏం సంబంధం అంటారా? అది చెప్పే ముందు ఈ సీరియల్ సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు.

అసలు స్టార్ ట్రెక్ 1966 నుంచి 1969 వరకు మూడు సీజన్లు వచ్చింది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ. కెప్టెన్ కిర్క్, స్పాక్‌ల కాలం అది. 1987లో కొత్త నౌక, కొత్త సిబ్బందితో 'నెక్స్ట్ జనరేషన్' మొదలై ఏడు సీజన్లు నడిచింది. పెద్ద నెట్‌వర్క్‌లో కాకుండా, ఏ ఊరి స్టేషన్‌కు ఆ స్టేషన్ కొనుక్కుని వేసుకునే పద్ధతిలో ప్రసారమైంది. అందుకే మాకు శనివారం వస్తే, వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడికి ఇంకో రోజు వచ్చేది. వాడు ముందే చూసేసి కథ చెప్పేస్తాడేమోనని ఫోన్ చేయాలంటే భయం.

ఈ నౌకకు కెప్టెన్ జాన్ లూక్ పికార్డ్. పాత్ర ఫ్రెంచివాడు, నటించిన పాట్రిక్ స్టూవర్ట్ మాట్లాడేది పక్కా బ్రిటిష్ ఇంగ్లీషు. ఆయన కింద రైకర్ అనే రెండో అధికారి, డేటా అనే మరమనిషి, క్లింగాన్ జాతికి చెందిన వర్ఫ్, చూపు లేకపోయినా ప్రత్యేకమైన పరికరంతో చూసే ఇంజనీరు జోర్డీ, డాక్టర్ క్రషర్, ఎదుటివాళ్ల భావాలను పసిగట్టే ట్రాయ్ ఉంటారు.

నిజం చెప్పాలంటే మొదటి రెండు సీజన్లు అంతంత మాత్రం. రచయితలు వస్తూ పోతూ ఉండేవాళ్లు. 1988లో హాలీవుడ్ రచయితల సమ్మె వల్ల రెండో సీజన్ 22 ఎపిసోడ్లకే పరిమితమైంది. దాని చివరి ఎపిసోడ్‌ను పాత సీన్ల ముక్కలు అతికించి నెట్టుకొచ్చారు. మూడో సీజన్ మొదట్లో రచనా విభాగం మైకెల్ పిల్లర్ చేతికి వచ్చింది. అక్కడినుంచి కథ మారింది.

ఆయన చేసిన పనులు ముఖ్యంగా రెండు. మొదటిది, ఈ వారం ఏ గ్రహం, ఏ వింత జీవి అని కాకుండా, ఈ వారం కథ మనవాళ్లలో ఎవరి గురించి అని అడగడం. రెండోది, ఏజెంట్ లేనివాళ్లు కూడా స్క్రిప్టు పంపొచ్చని తలుపులు తెరవడం. ఆ సీజన్లోనే వచ్చినవాడు రోనాల్డ్ డి. మూర్. తల్లిని పోగొట్టుకున్న పిల్లాడి కథ 'ది బాండింగ్' ఆయన మొదటి స్క్రిప్టు. తర్వాతి కాలంలో 'బాటిల్‌స్టార్ గెలాక్టికా'ను కొత్తగా మలిచింది ఈయనే. ఒక కొత్త కుర్రాడు రాసిన స్క్రిప్టును తీసుకున్నారన్న సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రోజుల్లోనే తెలిసి ఉంటే ఉద్యోగం వేటలో ఇంకాస్త ధైర్యంగా ఉండేవాణ్ణేమో.

ఇంకో చిన్న సంగతి. మొదటి రెండు సీజన్లలో నటులకు ఒంటికి అతుక్కుపోయే యూనిఫాం ఇచ్చారు. అది వెన్నునొప్పి తెప్పిస్తోందని స్టూవర్ట్ మొత్తుకున్నారు. మూడో సీజన్లో ఉన్ని గుడ్డతో, కాలర్‌తో, పైచొక్కా విడిగా ఉండే కొత్త దుస్తులు వచ్చాయి. పికార్డ్ లేచినప్పుడల్లా చొక్కా కిందికి లాక్కుంటాడు చూడండి, ఆ అలవాటు బాగా కనబడటం ఈ బట్టలతోనే మొదలైంది.

ఇక మా ఇళ్లకు, మీ ఇళ్లకు దగ్గరగా వచ్చే కథలు చెబుతాను.

'హాలో పర్‌స్యూట్స్'లో బార్క్లీ అనే ఇంజనీరు వస్తాడు. మంచి తెలివి ఉంది కానీ నలుగురిలో నోరు పెగలదు. సహోద్యోగులు వెనకాల 'బ్రాకలీ' అని వెక్కిరిస్తారు. ఒకసారి కెప్టెనే పొరపాటున ఆ పేరుతో పిలిచేస్తాడు. ఆ సీన్‌కు మా గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ సెమిస్టర్‌లో మా నలుగురి పేర్లూ ఎన్ని రకాలుగా విరిగాయో మాకు తెలుసు. చివరికి నౌకలో ఎవరికీ అంతుపట్టని లోపాన్ని పట్టుకోవడంలో దారి చూపించేది ఆ బార్క్లీయే. ఆఫీసు మీటింగులో నోరు మెదపని కొత్త కుర్రాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఈ పాత్ర గుర్తొస్తుంది.

'ది డిఫెక్టర్'లో రోములన్ సైన్యాధికారి ఒకడు యుద్ధం ఆపాలని శత్రువుల నౌకకు వచ్చేస్తాడు. కూతురికి మంచి లోకం ఇవ్వాలన్నది అతని ఆశ. కానీ ఇక ఇంటికి తిరిగి వెళ్లలేడు. అతని బాధ చూసి డేటా, హోలోడెక్ అనే గదిలో అతని సొంత గ్రహంలోని లోయను అచ్చం అలాగే సృష్టించి చూపిస్తాడు. కాసేపు చూసి, అది ఇల్లు కాదని ఆపేయించేస్తాడు. ఆనాడు అది నాకు మామూలు సీన్. ఇప్పుడు మనమంతా ఫోన్లో మ్యాప్ తెరిచి మన వీధి, మన గేటు పెద్దది చేసి చూసుకుని మూసేస్తున్నవాళ్లమే కదా.

'యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్' ఈ సీజన్లో అందరూ మెచ్చుకునే ఎపిసోడ్. గతం నుంచి ఒక నౌక ఇప్పటి కాలంలోకి వచ్చి పడటంతో చరిత్ర మొత్తం మారిపోతుంది. శాంతిగా ఉన్న లోకం క్లింగాన్లతో ఏళ్ల తరబడి యుద్ధంలో ఉన్నట్టు తయారవుతుంది. హూపీ గోల్డ్‌బర్గ్ నటించిన గైనన్‌కు మాత్రమే ఇది అసలు జరగాల్సిన జీవితం కాదని అనిపిస్తుంది. ఆ రోజు అమెరికా వీసా రాకపోయి ఉంటే అని ఎప్పుడైనా ఆలోచించినవాళ్లకు ఈ కథ ఇట్టే పట్టుకుంటుంది.

మా అమ్మాయికి బాగా నచ్చింది 'ది ఆఫ్‌స్ప్రింగ్'. రైకర్‌గా నటించిన జొనాథన్ ఫ్రేక్స్‌కు దర్శకుడిగా ఇదే మొదటిది. మరమనిషి డేటా ఎవరికీ చెప్పకుండా ఒక బిడ్డను తయారు చేసుకుంటాడు. నన్నెందుకు అడగలేదని కెప్టెన్ కోప్పడితే, మిగతావాళ్లు పిల్లల్ని కనేటప్పుడు మిమ్మల్ని అడగడం చూడలేదే అన్నట్టు అమాయకంగా జవాబిస్తాడు. ఆ బిడ్డకు పెట్టిన పేరు లాల్. హిందీలో ముద్దుబిడ్డ అని అర్థమని డేటాయే చెబుతాడు. 1990 మార్చిలో ఆ మాట విని మేం నలుగురం ఒక్కసారిగా మంచం మీంచి లేచాం. టీవీలో మన దేశపు మాట వినబడటం అప్పట్లో అంత అరుదు. మన లాలి, లాలన మాటలకు దగ్గరి చుట్టంలా వినిపించే పేరు.

తను ఎలా ఉండాలో లాల్‌నే ఎంచుకోమంటాడు డేటా. తర్వాత పై అధికారి వచ్చి, ఈ బిడ్డను పెంచడం నీ వల్ల కాదు, మాకు అప్పగించమంటాడు. ఆ భయంతో లాల్ మెదడు దెబ్బతింటుంది. బిడ్డను బతికించడానికి డేటా చేతులు ఎంత వేగంగా కదిలాయో చివర్లో ఆ అధికారే నోట మాట రాక చెబుతాడు. ప్రేమించడం చేతకాదని చెప్పుకునే తండ్రి చేసిన పని అది. 'రూపం తననే ఎంచుకోమన్నాడు కదా నాన్నా' అంది మా అమ్మాయి. కాలేజీలో ఏం చదవాలన్నదాని మీద మా ఇంట్లో అప్పటికి నెల రోజులుగా వాదన నడుస్తోంది. నేనేం మాట్లాడలేదు. మర్నాడు దరఖాస్తులో తనకు నచ్చిన సబ్జెక్టే పెట్టుకోమన్నాను.

ఇక 'సారెక్'. 1990 మేలో వచ్చింది. రాసినవాళ్లలో 'ది లాస్ట్ యూనికార్న్' నవలా రచయిత పీటర్ ఎస్. బీగల్ ఉన్నారు. సారెక్ అంటే స్పాక్ తండ్రి. 1967లో పాత సీరియల్లో ఈ పాత్ర వేసిన మార్క్ లెనార్డే మళ్లీ వేశారు. వల్కన్ జాతివాళ్లు భావాలను అదుపులో పెట్టుకుని బతుకుతారు. అందులోనూ సారెక్ రెండు వందల ఏళ్లు దాటిన మహా రాయబారి. ఒక ముఖ్యమైన ఒప్పందం కుదర్చడానికి నౌక ఎక్కుతాడు. కచేరీలో కూర్చుని సంగీతం వింటుంటే ఆయన చెంప మీద కన్నీటి బొట్టు జారుతుంది. వల్కన్ ఏడవడమా అని చూసినవాళ్లు నివ్వెరపోతారు.

ఆయనకు ముసలితనంలో వచ్చే ఒక జబ్బు చేసింది. అదుపు తప్పిన ఆయన కోపం, దుఃఖం చుట్టుపక్కల వాళ్లకు కూడా అంటుకుంటాయి. నౌకలో అందరూ కారణం లేకుండా కొట్టుకుంటుంటారు. భార్యకు, వెంట ఉన్న సహాయకులకు సంగతి తెలుసు. ఆయన గౌరవం కాపాడాలని దాస్తారు. ఒక సహాయకుడు తన మనోబలంతో లోలోపల ఆయన్ను నిలబెడుతూ తాను నలిగిపోతుంటాడు. చివరికి పికార్డ్ తన మనసును సారెక్ మనసుతో కలిపి, తన నిబ్బరం ఆయనకు అరువిస్తాడు. సారెక్ వెళ్లి ఒప్పందం పూర్తి చేస్తాడు. ఆ కొన్ని గంటలూ ఆయన దుఃఖమంతా గదిలో కూర్చుని పికార్డ్ మోస్తాడు. పక్కన డాక్టర్ క్రషర్ తోడుంటుంది.

ఇరవై మూడేళ్ల వయసులో ఇది నాకు నసగా అనిపించింది. యుద్ధాలు లేవు, పేలుళ్లు లేవు.

మా నాన్న లెక్కల మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వెయ్యి మంది పిల్లల ఇంటిపేర్లు గుర్తుండేవి ఆయనకు. 2015 ప్రాంతం నుంచి ఆదివారం ఫోన్ చేస్తే, 'నాన్న ఇప్పుడే పడుకున్నారు రా, లేచాక చేయిస్తాలే' అనేవాడు అన్నయ్య. ఒక్కోసారి నాన్న మాట్లాడినా వెనకనుంచి వదిన గొంతు మెల్లగా వినిపించేది, ఏం చెప్పాలో అందిస్తున్నట్టు. రెండేళ్లు అలా గడిచాయి. 2017లో వెళ్తే నాన్న నన్ను కాసేపు తేరిపార చూసి, 'ఏ సెక్షన్ రా నువ్వు?' అన్నారు.

ఆ రాత్రి అన్నయ్య మీద అరిచాను. నాకెందుకు చెప్పలేదని, నన్ను పరాయివాణ్ణి చేశారని. 'నాన్నే చెప్పొద్దన్నారు రా. ఆయన ఇంకా చెప్పగలిగిన రోజుల్లో' అన్నాడు. నేను వినలేదు. 2019లో నాన్న పోయారు. కర్మలన్నీ పక్కపక్కనే నిలబడి చేశాం కానీ ఆ మాట మా మధ్య అలాగే ఉండిపోయింది.

డిసెంబర్లో సారెక్ చూస్తుంటే మా అమ్మాయి అడిగింది, 'వాళ్లు ఎందుకు దాస్తున్నారు నాన్నా, చెప్తే అందరూ హెల్ప్ చేస్తారు కదా' అని. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నేను అన్నేళ్లూ నాన్న ఒక్కరినే చూశాను. ఆయన చెంచా పట్టుకోలేని రోజున తినిపించిన వదినను, అర్ధరాత్రి స్కూలుకు టైమైందని వీధిలోకి వెళ్లిపోతే వెతికి తీసుకొచ్చిన అన్నయ్యను చూడలేదు. నాన్న దుఃఖాన్ని గదిలో కూర్చుని మోసింది వాళ్లు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. 'అన్నయ్యా, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది' అన్నాను. అటునుంచి కాసేపు ఏం వినబడలేదు. తర్వాత, 'వదినకిస్తున్నా, దానికి చెప్పు' అన్నాడు. చెప్పాను.

సీజన్ ఎలా ముగుస్తుందో కూడా చెప్పాలి. 'ది బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్' మొదటి భాగం 1990 జూన్ 18న వచ్చింది. బోర్గ్ అనే శత్రువులు పికార్డ్‌ను పట్టుకుని తమలో కలిపేసుకుంటారు. ఆయన మీదే ఆయుధం పేల్చమని రైకర్ ఆజ్ఞ ఇవ్వడంతో తెర నల్లబడుతుంది. రెండో భాగం సెప్టెంబర్ 24 వారానికి గానీ రాలేదు. ఆ వేసవి అంతా క్యాంపస్‌లో అదే చర్చ. ఇప్పటి పిల్లలకు తర్వాతి ఎపిసోడ్ పది సెకన్లలో మొదలైపోతుంది. మా అమ్మాయికి మాత్రం నేను ఒక వారం ఆపాను. తిట్టుకుంటూనే ఆగింది.

అన్నీ గొప్పవని చెప్పను. 'ది ప్రైస్', 'మెనాజ్ ఎ ట్రాయ్' లాంటివి వదిలేసినా నష్టం లేదు. టైం లేనివాళ్లు ముందు 'యెస్టర్‌డేస్ ఎంటర్‌ప్రైజ్' చూడండి, టీనేజి పిల్లలతో కలిసి 'ది ఆఫ్‌స్ప్రింగ్' చూడండి. తర్వాత ఒక ఆదివారం సాయంత్రం తీరిగ్గా 'సారెక్' చూడండి. మర్నాడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ ఎలా ఉంది, నాన్న ఎలా ఉన్నారు అని అడిగి ఊరుకోకండి. వాళ్లను చూసుకుంటున్నవాళ్లు ఎవరో, ఆ అన్నయ్యనో వదిననో చెల్లెలినో పిలిచి, 'నువ్వెలా ఉన్నావు, రాత్రి నిద్రపోతున్నావా' అని కూడా అడగండి.